అంటుకున్న పేజీ

నారిన్ ఊళ్లో బొగ్గుపొయ్యి చుట్టూ మేం ముగ్గురం.
బయట నా లారీ మంచులో బిగుసుకుపోయింది.
లైబ్రరీ నుంచి తెచ్చిన కొంగపిల్ల కథ,
వరసగా తొమ్మిదో రాత్రి.

పన్నెండో పేజీ దగ్గర
బొటనవేలు తడిచేసుకుని
రెండు కాగితాలు కలిపి తిప్పేస్తాను.
తల్లికొంగ తిరిగిరాని పేజీ అది.
చిన్నోడు జోగుతుంటాడు.
బెగాయిమ్ ఏమీ అనదు.

ఇవాళ నా చేతిమీద చెయ్యేసింది.
"నాన్నా, ఇక్కడొకటి అంటుకుపోయింది."
గోటితో విడదీసింది,
పుండుమీది పట్టీ తీసినట్టు.

కూడబలుక్కుంటూ తనే చదివింది:
"రా... లే... దు."
నా వంక చూసింది.
వేలు కింది వరసకి జరిపింది:
"పిల్ల... ఎగి... రిం... ది."

పొయ్యిలో బొగ్గు వెయ్యడం మర్చిపోయాను.
వాళ్ళమ్మ శాలువా తెచ్చి
తమ్ముడికి కప్పుతూ అంది:
"రేపూ ఇదే చదువుదాం.
చెరో పేజీ."