వెనక నుంచి ఖో

పత్తికొండ గ్రౌండులో
ఈ పొద్దు సున్నం గీతల్లేవు.
రెండేండ్లు ఆడగూడదంట
మేం పన్నెండు మందిమీ.

మాబున్ని పుట్టిన తేదీని
బ్లేడుతో గీకి దిద్దింది మేనేజరు సారు.
మాకు తెలిసేటప్పటికి
కప్పు ఇంకా చేతుల్లోనే ఉండె.

సారుకు నోటీసు. మాకు నిషేధం.
నోటీసుకు జవాబు రాస్తే అయిపాయ.
పదహైదేండ్ల కాళ్లకు
రెండేండ్లంటే ఎవరు రాస్తారు జవాబు?

ఖోఖోలో
గీత తొక్కినోళ్లదే ఫౌలు.
మేం కూచోనే ఉంటిమి,
వేళ్లు నేలకానించి,
వెనక పిలుపు కోసం చెవులు రిక్కించి.

నిన్న టమాటా మండీలో
గొంతుకూచోని కాయలేరుతాంది మాబున్ని.
నన్ను చూసి మొగం తిప్పుకునె.
పోయి దాని వీపు మీద చెయ్యేసి
ఖో అంటి.

దిగ్గున లేసె.
యాడికి పరిగెత్తాల్నో తెలీక,
చేతిలో పచ్చికాయతో
అట్లే నిలబడె.