పెయ్యివెన్న

పుష్యమాసం పొద్దు.
కొత్తవాడల మగ్గాలు ఇంకా గొంతు సవరించుకోలే.
ఇగం గోడలకెళ్లి దిగుతున్నది.
రాట్నం ముంగట కూసుంటే
పలిగిన బొటనవేలుకు
నూలు పోగు పోగూ తట్టుకుంటది.
తెల్ల కండె మీద ఒక్క ఎర్ర చుక్క:
సావుకారి దాన్ని పక్కకు పెడతడు,
కూలిల కోస్తడు.
జంపఖానాకు అద్దే ఎరుపు పైసలు తెస్తది,
నా ఎరుపు పైసలు తింటది.

గది సరే.
మొన్న రేషన్ దుకాణంల
మిషిను నన్ను నమ్మలే.
బొటనవేలు పెట్టిన, కాదన్నది.
చూపుడువేలు పెట్టిన, కాదన్నది.
పది వేళ్లూ బడిపిల్లల లెక్క
వరుసగ నిలబడి పేర్లు చెప్పుకున్నయి.
ఓదెలు తలకాయ ఊపి
"సలికాలం పోయినంక రా సాంబలచ్చీ" అన్నడు,
కడుపు గూడ
ఉగాది దాకా ఆగుతదన్నట్టు.

మా ఆడిబిడ్డ కూతురు శ్రీనిజ
ఫోన్ల చూపెట్టింది.
షియా అంట. ఆఫ్రికా చెట్టు గింజల వెన్నంట.
చారెడు డబ్బ ఆరొందలంట.
ఆ చెట్టూ మన ఇప్పచెట్టూ
ఒక్క ఇంటిపేరోళ్లే అని దాని పుస్తకంల ఉన్నదంట.
మరి చుట్టం పక్కూర్లనే ఉండంగ
సముద్రం దాటుడెందుకే పిల్లా!

తాడ్వాయి దిక్కు నుంచి ఈసం నాగక్క
ఐతారం అంగడికి తెస్తది ఇప్పనూనె.
ఎండకాలం సీసాల,
సలికాలం మోదుగాకు పొట్లంల,
ఆవునెయ్యి లెక్క గడ్డగట్టి.
"కూరకా, దీపానికా?" అనడిగింది.
"వేళ్లకు" అన్న.
నా చెయ్యి పట్టి తిప్పి చూసి
పైసలడగకుంట ఇంకో ముద్ద ఏసింది.

గంజుల నీళ్లు, నీళ్లల్ల చిన్న గిన్నె.
ఇప్ప ముద్ద మూడు పాళ్లు,
కొబ్బరినూనె ఒక పాలు,
తేనెమైనం గోరంత.
"ఎక్కువైతే కొవ్వొత్తి అయితది" అన్నది శ్రీనిజ.
"తక్కువైతే పులుసైతది" అన్న నేను.
మైనం మొండిది, అందరికన్న ఆఖరుకు కరిగింది.
దించి, సల్లారబెట్టి,
సల్ల చిలికే కవ్వంతోటి వంతులేసుకొని చిలికినం.
భుజాలు గుంజినయి.
పాటలేం రాలే, తిట్లే వచ్చినయి.
అర్ధగంటకు పచ్చ నూనె తెల్లబడి, ఉబ్బి,
గంటెకు కుచ్చులు కుచ్చులుగ నిలబడ్డది.

వాసన మాత్రం మేక వాసన.
మరువం నలిపి ఏసినం.
మేక మరువం మేసినట్టయింది.

ఆ రాత్రి మడిమెల చీలికల పెడితే సుర్రుమన్నది,
తర్వాత మెల్లగ ఊకున్నది.
పిక్కలకు, మోచేతులకు, మెడ ఎనుకకు
నా చెయ్యే పోయింది,
పోగు ఎక్కడ తెగిందో ఎతికే చెయ్యి.
నా పెయ్యిని నేను తడిమి చూసుకొని
ఎన్నేండ్లాయెనో లెక్క దొరకలే.
కడుపు మీద పాత కుట్టు తగిలితే
ఇదిక్కడ ఉన్నదా అనుకున్న.

పన్నెండో దినం
పోగు వేలు మీదికెళ్లి చప్పుడు లేకుంట జారింది.

ఇగ దుకాణం కాడికి పోయిన.
బొటనవేలు అద్దం మీద సర్రున జారింది.
"ఏం పూసుకొచ్చినవే, అద్దమంత జిడ్డు!"
కొంగుతోని తుడిచిన, మళ్ల పెట్టిన, మళ్ల తుడిచిన.
ఆఖరుకు ఉంగరపు వేలు,
జన్మల ఏ పనికీ ముందుకు రానిది,
అదే ఔననిపించింది.

ఓదెలు బియ్యం జోకుతనే
తన వేలు ముక్కుకాడ పెట్టుకొని చూసిండు,
ఏం అనలే.

నా ఎనుక బీడీల ఐలవ్వ.
రెండు చేతులూ శాలువ లోపలనే ఉన్నయి.
మిషిను దిక్కు చూస్తది, నేల దిక్కు చూస్తది.

సంచి కింద పెట్టి
రొండిల నుంచి డబ్బ తీసిన.
"పూసుకో అక్కా.
మంచిగ తుడుచుకో.
గప్పుడు పెట్టు."