పదిహేడో ఫుట్‌నోట్

ఐలా వెస్టెరినెన్ గది ఖాళీ చేసే పని నాకే వచ్చింది.
తంపెరే యూనివర్సిటీ, మూడో అంతస్తు,
కిటికీలో మూతపడ్డ నూలుమిల్లు పొగగొట్టం.
ముప్పై నాలుగేళ్లు ఆవిడ రాసిందల్లా నేను టైపు చేశాను
గ్రీకు అక్షరాలకి ఖాళీలు వదిలి.
కంప్యూటరొచ్చాకా అదే అలవాటు.
నల్లసిరాతో నింపుకునేది.

ఆవిడ ప్రశ్న ఒక్కటే:
హెల్సింకిలో కేంద్ర బ్యాంకు వడ్డీని పావు శాతం కదిపితే
ఆ కదలిక ఒక వంటింటి దాకా రావడానికి ఎన్నాళ్లు?
"మంచూ అంతే" అనేది.
"చలి నవంబరులో పడుతుంది,
సరస్సు మీద బండి తోలే రోజు జనవరిలో వస్తుంది.
మధ్యలో తొందరపడ్డవాణ్ణి
మంచు కరిగాక వెతుకుతారు."

ఆలస్యం అమృతం విషం అంటారు కదా,
ఎన్ని నెలల ఆలస్యానికి ఎన్ని చుక్కల విషమో
ఆవిడ లెక్క కట్టింది.

తొంభై ఒకటిలో
మార్కా విలువ దించమంది ఆవిడ పేపరు.
దించారు.
పేపరు చూసి దించారని కాదు,
దించాక పేపరు చూపించారు.
కాగితం మిల్లులు మళ్లీ కూత పెట్టాయి.
గీత ఆవిడ చెప్పిన చోటే వంగింది.

కింద, పదిహేడో ఫుట్‌నోట్:
"విదేశీ కరెన్సీలో అప్పున్న చిన్న వ్యాపారులను
వివరాలు అందనందున ఇందులో కలపలేదు."
నేనే కొట్టాను. ఒకటిన్నర లైను.

ఆ ఒకటిన్నర లైనులో
తైస్తో రోంకా రొట్టెల కొట్టుంది.
వడ్డీ తక్కువని బ్యాంకువాడే చెబితే
జర్మన్ మార్కుల్లో అప్పు చేసి పొయ్యి కొన్నాడు.
కొత్తగా పైసా తీసుకోకుండానే
రాత్రికి రాత్రి అప్పు ఒళ్లు చేసింది.

ఒకరోజు మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు.
కేకలేమీ లేవు.
నడుమ చిల్లున్న రై రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి
"ఇదే ఆఖరి వాయి" అన్నాడు.
టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

రొట్టెని మేకుకి తగిలించింది.
ఆ తర్వాత సాయంత్రాలు బస్సెక్కి కోర్టుకెళ్లేది,
దివాలా ఫైళ్లు చేత్తో ఎక్కించుకోవడానికి.
"ఐలా గుమాస్తా అయిపోయింది" అన్నారు కాఫీ గదిలో.
జర్నళ్లు తిప్పి పంపాయి.
ప్రొఫెసరు కుర్చీ రెండుసార్లు పక్కగదికి పోయింది.
ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు వడ్డీని సున్నాకి దించిన ఏడు
విద్యార్థులడిగితే మేకు వైపు చూపించి నవ్వింది:
"నా దగ్గర పాత సున్నా ఉంది. కొరికితే పళ్లు ఊడతాయి."

ఏప్రిల్లో పోయింది.
చివరి ప్రతిలో గ్రీకు అక్షరాలే లేవు,
పేర్లు, ఊళ్లు, మొత్తాలు.
రెండువందల పన్నెండో వరస:
రోంకా, తైస్తో. పొయ్యి వేలం. మిగిలింది:
అక్కడ నేను వదలని ఖాళీ ఒకటి.
ఆవిడ నింపలేదు.

పుస్తకాలు లైబ్రరీకి, కుర్చీ స్టోరుకి.
రొట్టె ఏ పెట్టెలో వేయాలో ఎవరూ చెప్పలేదు.
సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.
ఒళ్లో బరువుగానే ఉంది.