దుందుభి ఎడారి

పెండ్లి పన్నెండు రోజులుందనంగ
సంపత్ స్టూడియోకొచ్చి ఫోన్ ముంగట పెట్టిండు.
ఒంటె. ఇసుక తిన్నెలు. గాలికి లేచిన ఎర్ర చున్నీ.
"గిట్లనే రావాలన్నా. ఒంటె లేకున్నా సరే."

జైసల్మేరు చానా దూరం. మిడ్జిల్ దగ్గర.
వాగుల నుంచి తోడి గట్టున పోసిన ఇసుక
మనిషికి మూడు నిలువుల ఎత్తు.
ఏదో కేసు నడుస్తున్నదట, నెలన్నర సంది లారీలు లేవు.
నెలన్నర గాలి ఊకె కూసోదు గద,
జేసీబీ పోసిన కుప్పలకు వీపులిచ్చింది,
వీపులకు వెన్నుపూసలిచ్చింది,
తడి సున్నం మీద దువ్వెనతోటి గీసినట్టు
సన్నని అలలు గీసి
ఎవరికీ చూపించకుంట దాసుకున్నది.

పగటీలి రెండింటికి చూస్తే అది సామాను:
స్లాబులు, పిల్లర్లు, టన్నుకింత.
ఐదూ నలభైకి ఎండ పక్కకొస్తది.
నెత్తి మీది ఎండకు ఏమీ తెల్వదు.
గోడ మీదికెల్లి తొంగిచూసే పక్కింటామె తీరు
వాలిన ఎండకే ప్రతి మడతా తెలుసు.
ఒక పక్క బెల్లం, ఒక పక్క చీకటి,
నడుమ కత్తివాదరసొంటి గీత.
ఆ గీత కోసమే ఇరవై రెండేండ్ల సంది
మండపాలల్ల అక్షింతల దెబ్బలు తింటున్న.

"ఆగున్రి! తొక్కకున్రి!" అని అరిచిన.
ఇసుక ఒక్కపారే కొత్తది.
ఒక్క అడుగు పడ్డదా, అది ఎడారి కాదు, బస్టాండ్.

కావలి కుర్మయ్య కుక్కను చంకల ఒత్తిపట్టుకొని
ట్రైపాడ్ పక్కన కూసున్నడు.
"ఎడారంటె ఏంది సారూ?"
"నీళ్లు లేని జాగ."
బీడీ రెండు దమ్ములు గుంజి, ఆలోచించి,
"గట్లయితే నా బోరు కాడ దిగున్రి,
ఆడ ఇంకా మంచిగొస్తది" అన్నడు.
నవ్వుతున్నడో లేదో
లెన్సుల చూసినా తెల్వలే.

మమతను కొనకు నిలబెట్టిన.
చున్నీ ఇడువు, గదువ పైకి, అటు సూడు,
లేని ఒంటెల గుంపు దిక్కు.
ఎడమకు జరిగితే జేసీబీ పండ్లు,
కుడికి జరిగితే కరెంటు తీగలు,
నడుమ పదిహేను డిగ్రీల రాజస్థాన్.
ఆమె మడిమను ఇసుకల పూడ్చుకుంట, పెదవులు కదపకుంట
"అన్నా, లోపల తడున్నది" అన్నది.
అప్పటికే పొద్దు తాటికమ్మల్ల ఇరుక్కున్నది.
నాలుగు నిమిషాలు. నూట పన్నెండు ఫోటోలు.
ఆఖరిదొక్కటి పండింది.
జూమ్ రింగు తిప్పితే కరకరమన్నది,
వాగు ఇంత నా వెంట వచ్చింది.

రాత్రి కల్వకుర్తిల, షట్టర్ సగం దించుకొని
రెండు వందల శాతం పెద్దగ చేసి చూస్తే
అలకూ అలకూ నడుమ తెల్లచుక్క.
స్క్రీన్ మీది దుమ్మనుకొని వేలుతోటి తుడిచిన. పోలే.
నత్తగుల్ల.
నోరు తెరిచి పడున్నది,
తనకంటె నాలుగింతల పొడుగు నీడతోటి.

సంపత్ మెసేజ్: "అన్నా ఆ చుక్క తీసెయ్.
ఎడారిల నత్తలేంది."

నా పనే అది.
మొటిమలు తీసేస్త, కరెంటు తీగలు తీసేస్త,
అలిగి పోయిన మేనమామను గ్రూప్ ఫోటోలకెల్లి తీసేసిన ఒకపారి.
పక్కకెల్లి ఇంత ఇసుక తెచ్చి గుంత పూడ్చే పనిముట్టు
ఒక్క నొక్కుడుకు గుల్లను మింగింది.
సేవ్ చేసిన. ప్రింటుకు హైదరాబాద్ పంపిన.

ఆల్బం వచ్చినంక చూసుకున్న:
నీడను తీసుడు మర్సిన.
పదకొండో పేజీల, మమత పాదాలకు కొంచెం కింద
వస్తువు లేని నీడ,
కంటిరెప్ప వెంట్రుకంత.

పైసలు మొత్తం ముట్టినయి. ఎవరూ ఏమనలే.
మమత ఒక్కతే ఆ పేజీ కాడ బొటనవేలు పెట్టి
జరసేపు తియ్యలే.