మోనో

కురేలో వానలు మొదలైన వారం
కువబారా గారి భార్య దాన్ని
పసిపిల్లల తోపుడుబండిలో తీసుకొచ్చింది.
పదిహేడు కిలోలు. కొండ దిగుడంతా
వెనక్కి లాగిపట్టుకునే వచ్చిందట.

"ఒక పక్క పలకడం లేదు," అంది.
ఏ పక్క? అన్నాను.
ఆలోచించింది.
"ఆయన కుర్చీకి అవతలిది."

పైన అక్రోటు చెక్క, మూలన టీకప్పు వదిలిన వలయం.
వాల్యూమ్ గుండీ తిప్పితే
నూనెలో తిరిగినంత బరువు వేళ్ళకి.
ఇప్పుడెవరూ గుండీకి ఇంత బరువు పెట్టరు.
తిప్పినప్పుడల్లా మాత్రం గరగర,
అప్పుడే నిద్రలేచిన మనిషి గొంతులా.

మూత విప్పాను.
దుమ్ముకి కూడా అగరొత్తుల వాసన.
పెద్ద కెపాసిటర్లు రెండూ నెత్తి ఉబ్బి ఉన్నాయి.
మూత లోపలివైపు పెన్సిల్‌తో తేదీలు:
ఫ్యూజు, ఫ్యూజు, బల్బు,
తర్వాత ఇరవై ఏళ్ళు ఏమీ లేదు.
ఎడమవైపు ట్రాన్సిస్టర్ మాడిపోయింది. మార్చాను.
పొగకి మా ఆవిడ కిటికీ తెరవమని కేకేసింది.

స్విచ్చి వేస్తే, అయిదు లెక్కపెట్టాక
లోపల టిక్కుమంది రిలే.
రికార్డు పెట్టాను. మీటర్లలో రెండు ముళ్ళూ లేచాయి
ఒకేసారి, ఒకే ఎత్తుకి.
అలా లేవకూడదు.
ఎడమా కుడీ ఎప్పుడూ
ఒకరి అడుగులో ఒకరు అడుగేసి నడవవు.

అప్పుడు చూశాను, చిన్న మీట, మోనో దగ్గర.
చిలుము పట్టి అక్కడే పాతుకుపోయింది.
మందు చల్లి ఇరవైసార్లు ఆడిస్తే వదిలింది.
గది వెడల్పయింది.
వయొలిన్ కిటికీ వైపు జరిగింది,
చెల్లో వెళ్ళి బీరువా పక్కన కూచుంది.
నా పనికి నేనే మురిసిపోయాను.

శనివారం వచ్చి విని,
"ఈ వయొలిన్ ఇంత దూరంగా ఉండేది కాదే," అంది.

ఓడల యార్డులో రివెట్లు కొట్టీ కొట్టీ
నలభై దాటకముందే ఆయనకి ఎడమ చెవి పోయిందట.
ఆ పక్క వాయించేవాళ్ళకి అన్యాయం జరగకూడదని
అందరినీ కలిపి కుడిచెవికి రప్పించుకునేవాడట.
"ఏం చెప్పినా గుర్తుండేది.
ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేద్దామన్నా
రెండోది లేదుగా."

మీట ఎటు ఉంచమంటారు? అన్నాను.
"మధ్యలో ఉండదా?"
ఉండదు.

ఆ మాట అక్కడే ఆగింది.
ఎక్కుడు కదా, బండికి నేనూ ఓ చెయ్యి వేశాను.
యంత్రానికి గొడుగు పట్టి తాను తడుస్తూ నడిచింది.
మలుపు దగ్గర ఏదో చెప్పబోయి,
అలవాటుగా
నా ముందునుంచి దాటి
కుడిపక్కకి వచ్చింది.