వెనక ఎడమ మూల

పగలంత తీగలు గుంజుడే నా పని.
అల్ వాబ్‌ల కొత్త విల్లా, సినిమా చూసుటానికే ఒక అర్ర.
దాని గోడల కడుపుల
ఏడు స్పీకర్లకు ఏడు నరాలు దోపిన.
జిప్సం బోర్డు మూసెయ్యకముందు
నేను చూసిన ఆ లోపలి దారి
ఇంటాయన ఎన్నడూ చూడడు.

రాత్రికి ఇండస్ట్రియల్ ఏరియాల మా అర్ర.
మీద మూడు, కింద మూడు మంచాలు.
గోడకు మొల కొడితే యాభై రియాళ్ళ జుర్మానా,
వైరు వేలాడితే వంద,
అని మూడు భాషల రాసి అతికించిండ్రు.
ఆ మూడిట్ల మాది లేదు.

శుక్రవారం బజార్ల ప్రొజెక్టరు దొరికింది, ఎనభైకి.
మూత లేదు. ఒక మూల పచ్చగ కొడ్తది.
లింబాద్రి తన తెల్లలుంగీని బీరువా రేకుకు
నాలుగు అయస్కాంతాలతోని అతికించిండు.
బొమ్మ పడ్డది. మంచిగనే పడ్డది.
కని దాని డొక్కల స్పీకరు అగ్గిపెట్టెంత,
అక్కడ యుద్ధం అయితుంటే
పక్కింట్ల పోపు వేసినట్టు.

"వింటే చుట్టూ వినాలండి, లేకపోతే దండగ,"
అన్నడు అమలాపురం పల్లంరాజు.
అందరు నా దిక్కు చూసిండ్రు.
నేను నా చేతుల దిక్కు చూసుకున్న.
తీగ లేకపోతే నేనెవర్ని?

నా ఫోను సినిమా నడుపుతది.
పలికేటియి ఐదు.
ఓబులేసుది, అద్దం పగిలింది, ముందు ఎడమ.
మస్తాన్‌ది ముందు కుడి.
పల్లంరాజుది నడుమ, మాటలకు. ఆయనకు మాటలెక్కువ.
లింబాద్రిది వెనక కుడి.
ముత్తెన్నది వెనక ఎడమ, పై మంచం మీద.
ఒక్కోదాన్ని ఒక్కో స్టీలు గిలాసల నిలబెడితే
గొంతు పెరిగింది.

కని గాలిల వచ్చే మాట ఆలస్యం.
పెదవి కదిలినంక పావు సెకను.
"మా ఇంటామె వీడియో కాల్లో ఇంతేలేబ్బా," అన్నడు ఓబులేసు,
"నవ్వు ముందొస్చాది, సప్పుడు యెనకొస్చాది."

ఐదు ఫోన్లు, ఐదు ఆలస్యాలు.
పళ్ళెం మీద చెంచాతోని కొట్టి వీడియో తీసిన.
దాన్నే లుంగీ మీద ఆడించి
చెంచా తగిలే క్షణం, టంగుమనే క్షణం
ఒక్కటయ్యేదాక సెట్టింగులు గీకుడే గీకుడు.
మాటను ఉరికియ్యలేం.
బొమ్మనే ఆపాలె, మాట వచ్చి కలిసేదాక.
యాభై మూడోసారి చెంచా మోగినప్పుడు
పక్క అర్ర నేపాలీ గోడ మీద గుద్దిండు.
ఆ గుద్దు మాత్రం సరిగ్గ సమయానికి పడ్డది.

సినిమాల వాన.
మొదలు ఎడమ దిక్కు ఒక చినుకు, రేకు మీద.
తర్వాత నెత్తి వెనక.
మస్తాన్ చెయ్యి చాపిండు,
చాపనట్టే గడ్డం గోక్కున్నడు.
బయట అర్ధరాత్రి, ముప్పై ఏడు డిగ్రీలు.
ముత్తెన్న పై మంచం నుంచి కాళ్ళు వేలాడేసి
"నా యెనక ఎవడో నడుస్తున్నడు రా!" అన్నడు.
నిజమే.
తడిసిన చెప్పులతోని ఎవడో
ఆయన గిలాసల నడుస్తున్నడు.

మూడు శుక్రవారాలు గిట్లనే.
నాలుగోది రాకముందే ముత్తెన్నను వక్రా సైటుకు మార్చిండ్రు.
తెల్లారి ఐదింటికి బస్సు. ఒక బ్యాగు, ఒక దుప్పటి.
గిలాస మరిచిండు.
ఫోను తీస్కపోయిండు, తీస్కపోక ఏం చేస్తడు.

అదే సినిమా మళ్ళ పెట్టినం, పల్లంరాజు పట్టు పడితే.
వాన అర్రంత కురిసింది,
వెనక ఎడమ మూల పొడిగ ఉన్నది.
"నాలుక్కి మార్చెయ్ బాబూ, సరిపోద్ది."
మార్చొచ్చు. ఒక్క బటన్.
ఆ మూలకు రావల్సిన చప్పుడును
మిగిలిన గిలాసలకు అదే పంచుతది.
నా వేలు బటన్ మీదనే ఉన్నది. ఒత్తలే.

నడిచేటోడు ముందు కుడి నుంచి వచ్చిండు,
లింబాద్రి పక్క నుంచి వెనకకు పోయిండు,
ముత్తెన్న మంచం కాడ లేకుండ పోయిండు.
నాలుగు అడుగుల సేపు.
మళ్ళ ఓబులేసు గిలాసల తేలిండు.

రెండోసారి ఆ సీను వచ్చినప్పుడు
మస్తాన్ లేచి, ఏం అనకుండ,
ఆ మంచం ఇనుప అంచు మీద
వేళ్ళతోని నాలుగు అడుగులు వేసిండు.

కొంచెం ఆలస్యమైంది.
రేపు మళ్ళ చెంచా తియ్యాలె.