గడప మీద కాయ

పొదలకూరు నిమ్మతోటల్లో
ముప్పై ఏళ్లుగా మా పెద్దమ్మ రిబ్కమ్మ చేతులకి
ముళ్లు దిగుతూనే ఉన్నాయి.
మోచేతుల దాకా గీతలు,
అక్షరాలు దిద్దబోయి ఎవరో కొట్టేసిన పలకలా.

ఆ చేతులతోనే ఒక మంగళవారం
ఇంకా చీకటుండగా గడియ తీసింది.
గడప మీద కాయ.
అడ్డంగా కోసి, కుంకుమ పూసి,
మూడు సూదులు గుచ్చి,
కింద ఎవరిదో తలవెంట్రుకల చుట్ట.

వీధి వీధంతా నిలబడిపోయింది.
మస్తానమ్మ బిడ్డని కొంగు కిందకి లాక్కుని
"దాటబాక మే, దాటబాక" అంది.
పెంచలయ్య ఎవరి పేరో చెప్పబోయి
మింగేశాడు.

పెద్దమ్మ వంగి చూసింది,
మార్కెట్లో గోనె విప్పి చూసినట్టు.
"రెండో రకం. రసం లేదు.
బెదిరించేదానికైనా మంచి కాయ కొనలేకపోయినాడు, పాపం."

చీపురు అడగలేదు. చేత్తోనే తీసింది.
సూదులు మూడూ తుడిచి
కుట్టుడబ్బాలో వేసుకుంది.
కాయ పెంటలోకి పోయింది.

నాకప్పుడు పదేళ్లు.
ఇదే ధైర్యమనుకున్నాను.

రాత్రి తెలిసింది.
గడియ చూడ్డానికి మూడుసార్లు లేచింది.
నా నుదుటి మీద చెయ్యి పెట్టి వేడి చూసింది,
మళ్లీ చూసింది.
తర్వాత మూల మోకాళ్ల మీద కూలబడి ఏదో గొణిగింది.
అడుక్కుంటున్నట్టు లేదు.
బాకీ తీరిన నోటు బయటికి తీసి
చదువు రాకపోయినా
పదే పదే తడుముకుంటున్నట్టుంది.

"భయమా పెద్దమ్మా?"

"ఒళ్లు భయపడతా ఉండాది రా. దానికింకా తెలీదు.
తల నలిగిపోయినాక కూడా పాము
పొద్దుగూకే దాకా తోకాడిస్తది.
తగిలితే దెబ్బే. విషం మాత్రం లేదు.
మనకింకా పొద్దుగూకలా, అంతే."

కాసేపాగి వేళ్లు నిమురుకుంటూ,
"ఆయన నెత్తిన పెట్టింది కూడా ముళ్లే గదా,
ఎంత లోతుకి దిగతాయో
ఆయనకి నేను చెప్పే పన్లేదు."

పదకొండేళ్ల తర్వాత
నెల్లూరు పెద్దాసుపత్రిలో కిడ్నీలు చెడిపోయి పడుకుంది.
కొందరు వేళ్లు మడిచి లెక్కేసి
ఆ కాయే అన్నారు.
నాకు ఏడుపులో నవ్వొచ్చింది.
ఏం దయ్యమది,
బస్సులో గంట దూరానికి
పదకొండేళ్లు నడిచింది!

ఆఖరి రాత్రి సెలైన్ సూది చూసి
చెయ్యి వెనక్కి లాక్కుంది,
అన్ని ముళ్లు తిన్న చెయ్యి.
మళ్లీ తనే చాచింది.
"నలిగిపోయింది గదా రా" అంది.
అది ప్రశ్నో కాదో నాకు తెలీలేదు.
"నలిగిపోయింది పెద్దమ్మా."
అప్పటికి నా గుండెలో నమ్మకం ఉందో లేదో గాని
నోట్లో ఆమెకి కావాల్సిన మాట ఉంది.
ఆమె దాన్ని పట్టుకుని నిద్రపోయింది.
నేనింకా పట్టుకునే ఉన్నాను.

ఈస్టరు నాడు తెల్లవారకముందే
సమాధుల దొడ్డిలో కొవ్వొత్తులు.
జెకర్యా అయ్యగారు బొంగురుగొంతుతో
"లేచాడు" అని అరిచారు,
కంచె అవతలి కుక్కలు కూడా లేచాయి.
తోటలోంచి నిమ్మపూత వాసన.

జనం పల్చబడ్డాక మస్తానమ్మ వచ్చింది.
ఆమె మొక్కులు వేరు, దర్గా వేరు.
కొంగుముడి విప్పి
కొత్త సున్నం రాయి మీద ఒక కాయ పెట్టింది.
కోయలేదు, ఏమీ పూయలేదు.
"మొదటి రకం" అంది, ఎవరితోనో.

పొద్దెక్కింది.
పిల్లలు దాన్ని దాటుకుంటూ
పరుగెత్తుతున్నారు.